షిప్పింగ్ చార్జీ మీద సేల్స్ ట్యాక్స్: అమెరికాలో సొంత ఆన్‌లైన్ స్టోర్ నడిపేవాళ్లు ఎలా లెక్క వేసుకోవాలి

"అక్కా, న్యూజెర్సీలో బట్టలకు ట్యాక్స్ లేదు కదా, మరి నా బిల్లులో షిప్పింగ్ మీద ట్యాక్స్ ఎందుకు పడింది?" అని స్టోర్ పెట్టిన మొదటి ఏడాది ఒక కస్టమర్ వాట్సాప్‌లో అడిగింది. ఆమె కొన్నది ఒక్క చీర. ట్యాక్స్ సున్నా పడాలి. నేనేమో సెట్టింగ్స్‌లో షిప్పింగ్ మీద ట్యాక్స్ అనే చోట టిక్ పెట్టి వదిలేశాను, అది చీర అయినా నగ అయినా ప్రతి ఆర్డర్‌కూ షిప్పింగ్ మీద 6.625 శాతం వసూలు చేస్తూనే ఉంది. ఒక్కో ఆర్డర్‌కు డాలర్ కూడా కాదు, కానీ తప్పు తప్పే. వెనక్కి వెళ్లి ఆర్డర్లన్నీ ఒక్కొక్కటిగా తీసి, ఎవరి దగ్గర ఎంత ఎక్కువ తీసుకున్నానో లెక్క కట్టి తిరిగి ఇవ్వడానికి రెండు వీకెండ్లు పట్టింది. అప్పటి నుంచి ఈ విషయం మీద పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇంట్లోంచి చీరలు, నగలు, పచ్చళ్లు, పూజ సామాన్లు అమ్మే మనవాళ్లు చాలామంది ఇదే టిక్ దగ్గర ఆగిపోతున్నారు కాబట్టి, నేను ఏ వరసలో చూసుకుంటానో ఆ వరసలోనే చెప్తాను.

ముందు ఏ స్టేట్‌కు మీరు బాధ్యులో తేల్చుకోండి

యాభై స్టేట్ల రూల్స్ తలకెత్తుకుని టెన్షన్ పడనక్కర్లేదు. మీకు బాధ్యత ఉన్న స్టేట్లలోనే ట్యాక్స్ వసూలు చేయాలి. ఆ బాధ్యతకే నెక్సస్ అని పేరు. అది రెండు రకాలుగా వస్తుంది.

ఒకటి, మీరు గానీ మీ సరుకు గానీ ఆ స్టేట్‌లో ఉండటం. మీ ఇల్లు ఉన్న స్టేట్ ఎలాగూ లెక్కలోకి వస్తుంది. మనవాళ్లు మర్చిపోయేది ఏమిటంటే, కాలిఫోర్నియాలో ఉన్న చెల్లెలి ఇంట్లో ముప్పై చీరలు పెట్టి అక్కడి ఆర్డర్లు అక్కడి నుంచే పంపించమంటే, ఆ ముప్పై చీరలు మీ స్టాకే, అంటే కాలిఫోర్నియాలో మీకు నెక్సస్ వచ్చినట్టే. అమెజాన్ గోడౌన్‌లో సరుకు పెట్టినా అంతే. పండగల ముందు పక్క స్టేట్‌లో హాలు తీసుకుని రెండు రోజులు ఎగ్జిబిషన్ పెడితే, అక్కడ అమ్మినంత వరకు సేల్స్ ట్యాక్స్ వసూలు చేయడానికి అక్కడి పర్మిట్ కావాలి, చాలా స్టేట్లలో దీనికి తాత్కాలిక పర్మిట్ ఉంటుంది, ముందే అడిగి తీసుకోవాలి.

రెండోది, అమ్మకాల మొత్తం వల్ల వచ్చేది. 2018 జూన్ 21న సుప్రీంకోర్టు సౌత్ డకోటా వర్సెస్ వేఫెయిర్ కేసులో తీర్పు ఇచ్చింది. అంతకు ముందు స్టేట్‌లో ఏదో ఒక రూపంలో మనం ఉంటేనే ట్యాక్స్ వసూలు చేయమని అడిగేవాళ్లు. ఆ తీర్పుతో, అక్కడ అడుగు పెట్టకపోయినా అమ్మకాలు ఒక హద్దు దాటితే చాలు, అడగొచ్చు. ఎక్కువ స్టేట్లలో ఆ హద్దు ఏడాదికి 1,00,000 డాలర్లు. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో 5,00,000. న్యూయార్క్‌లో 5,00,000 డాలర్లు దాటడంతో పాటు ఆర్డర్లు కూడా 100 దాటాలి. మొదట్లో చాలా స్టేట్లు 1,00,000 డాలర్లు లేదా 200 ఆర్డర్లు అని పెట్టాయి. తర్వాత చాలావరకు ఆ 200 లెక్క తీసేశాయి, అయినా అన్నీ తీసేయలేదు, కాబట్టి చిన్న చిన్న ఆర్డర్లు ఎక్కువగా పంపేవాళ్లు, అంటే చెవి కమ్మలు, రాఖీల లాంటివి అమ్మేవాళ్లు, ఆ సంఖ్య మీద కన్నేసి ఉంచాలి. ఇంకో సంగతి, హద్దు లెక్కలోకి షిప్పింగ్ చార్జీ కూడా వచ్చే స్టేట్లు ఉన్నాయి, టెక్సస్ అలాంటిదే.

ఒరెగాన్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, డెలావేర్‌లలో సేల్స్ ట్యాక్సే లేదు. అలాస్కాలో స్టేట్ ట్యాక్స్ లేదు గానీ కొన్ని ఊళ్లు సొంతంగా వేస్తాయి.

ఎట్సీ, అమెజాన్ లాంటి చోట్ల అమ్మితే సేల్స్ ట్యాక్స్ ఉన్న స్టేట్లలో ఆ మార్కెట్‌ప్లేసే వసూలు చేసి కట్టేస్తుంది, షిప్పింగ్ మీద పడేది కూడా వాళ్లే చూసుకుంటారు. సొంత వెబ్‌సైట్ మీద అమ్మేది, ఇన్‌స్టాగ్రామ్‌లో చూపించి జెల్లే మీద డబ్బులు తీసుకునేది మాత్రం మీ బాధ్యత. వాట్సాప్ గ్రూపులో అమ్మితే అమ్మకం కాదని ఎవరైనా చెప్తే నమ్మకండి.

పర్మిట్ రాకముందు ఒక్క సెంటు కూడా ట్యాక్స్ పేరు మీద తీసుకోకండి. అది చట్టరీత్యా తప్పు. ముందు స్టేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అవ్వాలి, తర్వాతే వసూలు.

షిప్పింగ్‌ను స్టేట్లు ఎలా చూస్తాయి

ఇక్కడి నుంచే అసలు పని. ఒక్కో స్టేట్‌ది ఒక్కో పద్ధతిలా కనిపిస్తుంది గానీ, దగ్గరగా చూస్తే మూడు దారులే కనిపిస్తాయి.

మొదటి దారిలో షిప్పింగ్ వస్తువు వెంట నడుస్తుంది. వస్తువుకు ట్యాక్స్ ఉంటే షిప్పింగ్‌కూ ఉంటుంది, వస్తువుకు లేకపోతే షిప్పింగ్‌కూ లేదు. టెక్సస్, న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో, జార్జియా, నార్త్ కరోలినా, వాషింగ్టన్ ఈ దారిలోనివి. బిల్లులో విడిగా చూపించినా చూపించకపోయినా తేడా ఉండదు. అందుకే ఈ స్టేట్లలో ముందు తేలాల్సింది వస్తువు సంగతి. చీరలు అమ్మేవాళ్లకు ఇది బాగా తెలియాలి, ఎందుకంటే టెక్సస్‌లో బట్టలకు ట్యాక్స్ ఉంది, న్యూజెర్సీలో లేదు, పెన్సిల్వేనియాలో మామూలు బట్టలకు లేదు గానీ ఫార్మల్ దుస్తులకు ఉంది, న్యూయార్క్‌లో 110 డాలర్ల లోపు ధర ఉన్న బట్టకు స్టేట్ ట్యాక్స్ లేదు, ఆ పైన ఉంది. న్యూయార్క్‌లో ఈ 110 డాలర్ల మినహాయింపును న్యూయార్క్ సిటీ కూడా ఇస్తుంది, ఇవ్వని కౌంటీలూ ఉన్నాయి. పచ్చళ్లు, పొడులు లాంటి ఇంట్లో వాడే తిండి వస్తువులకు టెక్సస్, న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో ట్యాక్స్ లేదు కాబట్టి ఆ పార్సిల్ షిప్పింగ్‌కూ ఉండదు. ఆవకాయ సీసాల ఆర్డర్ మీద టెక్సస్‌లో షిప్పింగ్‌కు ట్యాక్స్ వేసే స్టోర్లు నేను చూశాను, అది కస్టమర్ దగ్గర ఊరికే తీసుకున్నట్టే.

రెండో దారిలో, షిప్పింగ్‌ను బిల్లులో విడిగా చూపిస్తే ట్యాక్స్ లేదు, వస్తువు ధరలో కలిపేస్తే ఉంది. వర్జీనియా, మేరీలాండ్ ఇలాంటివి. మిషిగన్‌లో ఇది 2023 ఏప్రిల్ నుంచి వచ్చింది, అంతకు ముందు అక్కడ డెలివరీకి ట్యాక్స్ పడేది, ఇప్పటికీ పాత సమాచారం పట్టుకుని వసూలు చేసేవాళ్లు ఉంటే సరి చేసుకోవాలి. కాలిఫోర్నియా కూడా ఈ దారిలోదే గానీ షరతులు ఎక్కువ, దాని గురించి కింద విడిగా చెప్తాను.

మూడో దారిలో కస్టమర్‌కు ఆ చార్జీ తప్పించుకునే అవకాశం ఉందా అని చూస్తారు. ఫ్లోరిడాలో డెలివరీ చార్జీ విడిగా ఉండాలి, దానికి తోడు కస్టమర్ వద్దనుకుంటే తనే వచ్చి తీసుకెళ్లే వీలు ఉండాలి. రెండూ ఉంటే ట్యాక్స్ లేదు. ఇల్లినాయ్‌లో కూడా ఇలాంటి ఆలోచనే. ఇక్కడ ఆన్‌లైన్‌లో మాత్రమే అమ్మేవాళ్లకు ఒక చిక్కు ఉంది, షాపు లేదు, ఎవరూ వచ్చి తీసుకెళ్లే దారి లేదు, అంటే షిప్పింగ్ లేకుండా ఆ వస్తువు కొనడం కుదరదు, అలాంటప్పుడు షిప్పింగ్ మీద ట్యాక్స్ పడుతుంది. చెకౌట్‌లో పికప్ అని ఒక బటన్ పెట్టి, ఎవరైనా నొక్కితే కుదరదని మెసేజ్ పెడితే అది పికప్ కాదు. నిజంగా ఇచ్చేటట్టయితేనే పెట్టండి.

ఒకే పార్సిల్‌లో చీర, హారం రెండూ ఉంటే

నాకు వచ్చే ప్రశ్నల్లో సగం దీని మీదే. న్యూజెర్సీ కస్టమర్ 120 డాలర్ల చీర, 80 డాలర్ల హారం కొన్నారు, షిప్పింగ్ 15 డాలర్లు. చీరకు ట్యాక్స్ లేదు, నగకు ఉంది. మరి షిప్పింగ్?

న్యూజెర్సీలో దీన్ని విడదీయొచ్చు. ధర ప్రకారం గానీ, బరువు ప్రకారం గానీ. ధర ప్రకారం చూస్తే మొత్తం 200లో హారం 80, అంటే 40 శాతం. 15 డాలర్లలో 40 శాతం అంటే 6 డాలర్లు. ట్యాక్స్ పడేది 80 కి 6 కలిపి 86 డాలర్ల మీద. 6.625 శాతం చొప్పున 5.70 డాలర్లు.

బరువు ప్రకారం చూద్దాం. చీర 800 గ్రాములు, హారం 200 గ్రాములు అనుకుంటే హారం వాటా 20 శాతమే. షిప్పింగ్‌లో 3 డాలర్ల మీదే ట్యాక్స్. 83 డాలర్ల మీద 5.50.

అసలు విడదీయకపోతే 15 డాలర్లూ ట్యాక్స్‌లోకి వెళ్తాయి. 95 డాలర్ల మీద 6.29.

తేడా సెంట్లలోనే ఉంది, నిజమే. అయినా వందల ఆర్డర్లు ఉంటే అది కనిపించే మొత్తం అవుతుంది, అన్నిటికన్నా ముఖ్యం అది కస్టమర్ డబ్బు. ఏ పద్ధతి ఎంచుకున్నా అదే పద్ధతిలో ఏడాదంతా ఉండండి, ఒక ఆర్డర్‌కు ధర, ఇంకో ఆర్డర్‌కు బరువు అంటూ ఏది తక్కువైతే అది పెట్టుకుంటూ పోతే ఆడిట్‌లో జవాబు చెప్పడం కష్టం. నేను ధరనే వాడతాను, ఎందుకంటే ధర బిల్లులోనే ఉంటుంది, బరువుకు మళ్లీ వేరే రికార్డు పెట్టుకోవాలి.

న్యూయార్క్‌లో కూడా రెండు రకాల వస్తువులకు కలిపి ఒకే షిప్పింగ్ చార్జీ వేస్తే మొత్తం మీద ట్యాక్స్. న్యాయంగా పంచి, ట్యాక్స్ ఉన్న వస్తువు షిప్పింగ్ ఇంత, లేనిదాని షిప్పింగ్ ఇంత అని బిల్లులో విడివిడిగా చూపిస్తేనే తగ్గుతుంది.

ఇదే ఆర్డర్ టెక్సస్‌కు వెళ్తే ఏ చర్చా లేదు. అక్కడ చీరకూ ట్యాక్స్ ఉంది, నగకూ ఉంది, షిప్పింగ్‌కూ ఉంది. స్టేట్ రేటు 6.25, లోకల్‌గా ఎక్కువలో ఎక్కువ ఇంకో 2 శాతం. 215 డాలర్ల మీద 8.25 శాతం అంటే 17.74.

బిల్లు మీద ఆ లైన్‌లో ఏం రాశారు

నా దగ్గరికి సలహా కోసం ఎవరు వచ్చినా నేను ముందు వాళ్ల బిల్లు కాపీ అడుగుతాను. రేటు ఎంత అన్నది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఆ ఒక్క లైన్‌లో ఏ మాట రాశారన్నది మాత్రం మనం రాసిందే, దాని మీదే ట్యాక్స్ ఉందా లేదా అన్నది తేలుతుంది.

షిప్పింగ్ అండ్ హ్యాండ్లింగ్ అని చాలామంది అలవాటుగా రాసేస్తారు. వర్జీనియా, మేరీలాండ్‌లలో షిప్పింగ్‌కు ట్యాక్స్ లేదు, హ్యాండ్లింగ్‌కు, అంటే ప్యాకింగ్ లాంటి పనికి, ఉంది. రెండూ కలిపి ఒకే లైన్‌లో రాస్తే మొత్తానికీ పడుతుంది. వర్జీనియాలో 5.3 శాతం ఉన్న ఊరికి ఇందాకటి ఆర్డర్ పంపితే, షిప్పింగ్ అని మాత్రమే రాసినప్పుడు 200 మీద 10.60, షిప్పింగ్ అండ్ హ్యాండ్లింగ్ అని రాస్తే 215 మీద 11.40. రెండు మాటలు ఎక్కువ రాసినందుకు కస్టమర్ ఎనభై సెంట్లు ఎక్కువ కట్టారు. అంతకన్నా చెడ్డది ఏమిటంటే, ఇలా రాసి కూడా ట్యాక్స్ వసూలు చేయకపోవడం, అప్పుడు ఆడిట్‌లో ఆ మొత్తం మన జేబులోంచి పోతుంది, పైన పెనాల్టీ, వడ్డీ. నిజంగా ప్యాకింగ్‌కు డబ్బు తీసుకోవాలనుకుంటే షిప్పింగ్ ఒక లైన్, హ్యాండ్లింగ్ ఇంకో లైన్ పెట్టండి. నన్నడిగితే హ్యాండ్లింగ్ అనే మాటే తీసేసి, ఆ ఖర్చు వస్తువు ధరలో కలుపుకోవడం హాయి.

కాలిఫోర్నియా సంగతి చెప్తానన్నాను కదా. అక్కడ షిప్పింగ్‌కు ట్యాక్స్ పడకుండా ఉండాలంటే, సరుకు యూఎస్‌పీఎస్, యూపీఎస్, ఫెడెక్స్ లాంటి క్యారియర్ ద్వారా నేరుగా కస్టమర్‌కు వెళ్లాలి, బిల్లులో షిప్పింగ్, డెలివరీ, పోస్టేజీ లాంటి మాటతో విడిగా చూపించాలి, పైగా మీకు అయిన అసలు ఖర్చు వరకే ఆ మినహాయింపు. అంటే కస్టమర్ దగ్గర 15 తీసుకుని, లేబుల్‌కు, అంటే పార్సిల్ మీద అంటించే క్యారియర్ చీటీకి, 11 మాత్రమే కడితే, మిగిలిన 4 డాలర్లకు ట్యాక్స్ పడుతుంది. 7.25 శాతం రేటు ఉన్న చోట 200 మీద 14.50 కావాల్సింది 204 మీద 14.79 అవుతుంది. ఉత్త హ్యాండ్లింగ్ అని రాస్తే మొత్తం ట్యాక్సే. చెల్లెలు తన కారులో పక్క ఊరికి తీసుకెళ్లి ఇచ్చి డెలివరీ చార్జీ తీసుకుంటే, అది క్యారియర్ కాదు కాబట్టి సాధారణంగా ట్యాక్స్ పడుతుంది.

ఇందువల్ల కాలిఫోర్నియాలో నెక్సస్ ఉన్నవాళ్లు ప్రతి ఆర్డర్ పక్కన లేబుల్ ఖర్చు ఎంతో రాసి పెట్టుకోవాలి. నేను నెలాఖరున లేబుల్ కొన్న చోటి నుంచి రిపోర్టు దించుకుని, ఆర్డర్ నంబర్ ప్రకారం స్ప్రెడ్‌షీట్‌లో పక్కపక్కన పెడతాను, ఎక్కడ వసూలు చేసింది ఖర్చు కన్నా ఎక్కువో ఆ తేడా ఒక కాలమ్‌లో వస్తుంది. అన్ని ఆర్డర్లకూ ఒకే షిప్పింగ్ చార్జీ, అంటే ఫ్లాట్ రేటు, పెట్టిన మొదట్లో ఆ కాలమ్ నిండా అంకెలే. తర్వాత చెకౌట్‌లో క్యారియర్ అసలు రేటు కనిపించేలా మార్చుకున్నాక దాదాపు ఖాళీ అయిపోయింది. డబ్బాలకు, బబుల్ ర్యాప్‌కు పెట్టిన ఖర్చును షిప్పింగ్ ఖర్చు కింద చూపించకండి, అసలు ఖర్చు అంటే క్యారియర్‌కు కట్టింది.

ఫ్రీ షిప్పింగ్ మాట కూడా ఇక్కడే. ఫ్రీ అని 15 డాలర్లు వస్తువు ధరలో కలిపేస్తే, బిల్లులో షిప్పింగ్ లైన్ ఉండదు, 215 మొత్తం వస్తువు ధరే అవుతుంది. కాలిఫోర్నియాలో 14.50 పడాల్సిన చోట 15.59. టెక్సస్‌లో ఏ తేడా లేదు, ఎలాగూ రెండిటికీ ట్యాక్స్ ఉంది. మీ కస్టమర్లు ఎక్కువగా విడిగా చూపిస్తే ట్యాక్స్ లేని స్టేట్లలో ఉంటే ఫ్రీ షిప్పింగ్ పెట్టే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. ఫ్రీ షిప్పింగ్ అంటే ఆర్డర్లు పెరుగుతాయి, అది కాదనను, నేను కూడా పండగ సీజన్‌లో పెడతాను. ఇక ధర పెంచకుండా నిజంగానే షిప్పింగ్ మీరే భరిస్తే, చార్జీయే లేదు కాబట్టి దాని మీద ట్యాక్స్ అనే మాటే రాదు.

గిఫ్ట్ ర్యాప్‌ను, పార్సిల్ ఇన్సూరెన్స్‌ను షిప్పింగ్ లైన్‌లో కలపకండి. కలిపితే షిప్పింగ్‌కు ఉన్న మినహాయింపు కూడా పోయే ప్రమాదం ఉంది.

కొలరాడో, మినెసోటాలలో ఇంకో చార్జీ ఉంది, డెలివరీ ఫీజు అంటారు, ఇది సేల్స్ ట్యాక్స్‌కు అదనం. కొలరాడోలో 2022 జూలై నుంచి, ట్యాక్స్ ఉన్న వస్తువు ఒక్కటైనా ఉండి మోటారు వాహనం మీద వెళ్లే ప్రతి డెలివరీకి పావు డాలర్ పైచిలుకు. మినెసోటాలో 2024 జూలై నుంచి 100 డాలర్లు, ఆపైన ఉన్న ఆర్డర్లకు 50 సెంట్లు. కొలరాడోలో అమ్మకాలు ఏడాదికి 5,00,000 డాలర్లు, మినెసోటాలో 10,00,000 డాలర్లు దాటని వ్యాపారాలకు ఇది వర్తించదు. ఇంటి నుంచి నడిపే స్టోర్లకు దాదాపుగా అవసరం పడదు.

సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం, పరీక్షించడం

షాపిఫై వాడితే, సెట్టింగ్స్‌లో ట్యాక్సెస్ అండ్ డ్యూటీస్‌లోకి వెళ్లి, యునైటెడ్ స్టేట్స్ కింద మీరు రిజిస్టర్ అయిన స్టేట్లను మాత్రమే పర్మిట్ నంబర్‌తో చేర్చండి. షిప్పింగ్‌కు ఏ స్టేట్‌లో ట్యాక్స్ వేయాలో అది చాలావరకు చూసుకుంటుంది. మీరు చేయాల్సిన పని ఒకటుంది, ప్రతి వస్తువుకూ ప్రొడక్ట్ కేటగిరీ సరిగ్గా పెట్టాలి. చీరకు బట్టల కేటగిరీ పెట్టకపోతే న్యూజెర్సీలో దానికీ ట్యాక్స్ వేసేస్తుంది, దాని వెంట షిప్పింగ్‌కూ వేసేస్తుంది. రెండు వందల చీరలకు కేటగిరీ పెట్టడం విసుగే, ఒక పూట కూర్చుంటే అయిపోతుంది.

వూకామర్స్‌లో పని ఎక్కువ. ట్యాక్స్ రేట్ల పట్టికలో ప్రతి వరసకూ షిప్పింగ్ అని ఒక చెక్ బాక్స్ ఉంటుంది. టెక్సస్ వరసకు టిక్ ఉండాలి, వర్జీనియా వరసకు ఉండకూడదు. బట్టలకు ట్యాక్స్ లేని స్టేట్ కోసం జీరో రేట్ క్లాస్ వాడి, షిప్పింగ్ ట్యాక్స్ క్లాస్ దగ్గర కార్ట్‌లోని వస్తువులను బట్టి అనే ఎంపిక పెట్టండి. అప్పుడు చీర ఒక్కటే కొంటే షిప్పింగ్‌కు సున్నా పడుతుంది. చీర, హారం రెండూ ఉంటే మాత్రం అది వాటాలు వేయదు, స్టాండర్డ్ క్లాస్ వస్తువు, అంటే మామూలు ట్యాక్స్ పడేది, ఒక్కటి ఉన్నా షిప్పింగ్ మొత్తానికీ ఆ రేటే వేస్తుంది. న్యూజెర్సీలో అది తప్పు కాదు, విడదీయకపోతే మొత్తానికీ వేయాలన్నదే అక్కడి పద్ధతి, కాకపోతే కస్టమర్ కొంచెం ఎక్కువ కడతారు.

పెట్టాక టెస్ట్ చేయకుండా వదలకండి, నేను చేసిన తప్పు అదే. మీకు నెక్సస్ ఉన్న ప్రతి స్టేట్‌కూ ఒక అడ్రస్ తీసుకుని కార్ట్ నాలుగు రకాలుగా నింపి చూడండి. ట్యాక్స్ ఉన్న వస్తువు ఒక్కటే, లేనిది ఒక్కటే, రెండూ కలిపి, ఫ్రీ షిప్పింగ్ కూపన్‌తో. కాగితం మీద మీరు చేతితో వేసిన లెక్కకూ చెకౌట్‌లో వచ్చినదానికీ ఒక్క సెంటు తేడా లేకుండా ఉండాలి. ఆ స్క్రీన్‌షాట్లు తేదీతో దాచుకోండి. రేట్లు, రూల్స్ మారుతుంటాయి, అందుకే జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి మళ్లీ చేస్తాను, స్టేట్ల మార్పులు ఎక్కువగా ఆ రెండు నెలల మొదటి తేదీ నుంచే అమల్లోకి వస్తాయి.

రిటర్న్ వచ్చినప్పుడు, ట్యాక్స్ ఫైల్ చేసేటప్పుడు

కస్టమర్ వస్తువు వెనక్కి పంపితే, ఏ డబ్బు తిరిగి ఇస్తున్నారో దాని మీద తీసుకున్న ట్యాక్స్ కూడా తిరిగి ఇవ్వాలి. ఇందాకటి ఆర్డర్‌లో హారం తిప్పి పంపారు, మీరు 80 ఇచ్చారు, షిప్పింగ్ మాత్రం ఇవ్వలేదు. అప్పుడు 80 మీద తీసుకున్న 5.30 తిరిగి ఇస్తారు. షిప్పింగ్‌లో 6 డాలర్ల మీద పడిన 40 సెంట్లు అలాగే ఉంటాయి, ఎందుకంటే ఆ షిప్పింగ్ చార్జీ మీ దగ్గరే ఉంది. షిప్పింగ్ కూడా తిరిగి ఇచ్చేస్తే ఆ 40 సెంట్లూ ఇచ్చేయాలి.

బొటీక్ వాళ్లు తిరిగి అమ్ముకోవడానికి కొంటే వాళ్ల దగ్గర రీసేల్ సర్టిఫికెట్ తీసుకుని ఫైల్‌లో పెట్టండి. అప్పుడు వస్తువుకూ షిప్పింగ్‌కూ రెండిటికీ ట్యాక్స్ ఉండదు. సర్టిఫికెట్ లేకుండా నోటి మాట మీద వదిలేయకండి, ఎంత తెలిసినవాళ్లయినా సరే.

స్టేట్‌కు ట్యాక్స్ రిటర్న్ ఫైల్ చేసేటప్పుడు మొత్తం అమ్మకాల గడిలో షిప్పింగ్ వసూలు కూడా కలిపి చూపించి, ట్యాక్స్ లేని షిప్పింగ్‌ను మినహాయింపుల గడిలో తీసేయడం సరైన పద్ధతి. షిప్పింగ్‌ను అసలు చూపించకుండా వదిలేస్తే బ్యాంకులో పడిన మొత్తానికీ రిటర్న్‌కూ పొంతన కుదరదు, ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి. న్యూజెర్సీలో మూడు నెలలకోసారి, ఆ క్వార్టర్ తర్వాతి నెల 20లోగా. ఒక క్వార్టర్‌లో ఒక్క అమ్మకం లేకపోయినా సున్నా రిటర్న్ వేయాల్సిందే. టెక్సస్‌లో సమయానికి కడితే కట్టే ట్యాక్స్‌లో అర శాతం మనకే వదిలేస్తారు, చిన్న మొత్తమే అయినా ఎందుకు పోగొట్టుకోవాలి? బిల్లులు, లేబుల్ రిపోర్టులు, సర్టిఫికెట్లు కనీసం నాలుగేళ్లు దాచండి.

వసూలు చేసిన ట్యాక్స్ డబ్బును మీ డబ్బుతో కలపకండి, అది స్టేట్ డబ్బు, మీ దగ్గర కొన్నాళ్లు ఉంటుంది, అంతే. నేను ప్రతి శుక్రవారం ఆ వారం వచ్చిన ట్యాక్స్‌ను వేరే సేవింగ్స్ ఖాతాలోకి మారుస్తాను. పొరపాటున ఎక్కువ వసూలు చేస్తే రెండే దారులు, కస్టమర్‌కు తిరిగి ఇవ్వాలి, లేదా స్టేట్‌కు కట్టాలి. మన దగ్గర ఉంచుకునే దారి లేదు.

కస్టమర్ అడిగితే ఏం చెప్పాలో కూడా ముందే రాసి పెట్టుకోండి. నేను ఇప్పుడు పంపే జవాబు ఇది: "మీ ఆర్డర్‌లో చీరకు ట్యాక్స్ లేదండి. హారానికి న్యూజెర్సీలో ట్యాక్స్ ఉంది, అందుకని షిప్పింగ్‌లో హారం వాటా అయిన 6 డాలర్లకు కూడా పడింది. బిల్లులో ఆ లెక్క విడిగా చూపించాను, ఒకసారి చూడండి. ఏదైనా తేడా అనిపిస్తే చెప్పండి, ఈ రోజే సరి చేస్తాను."